ఎండకు అలవాటు, చలికి ఏర్పాటు

ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్ దగ్గర మొదలయ్యే 30వ నంబరు జాతీయ రహదారి లక్నో, ప్రయాగ్‌రాజ్, జబల్‌పూర్, రాయ్‌పూర్ దాటి, కేశకాల్ ఘాట్ ఎక్కి బస్తర్ పీఠభూమి మీదికి వస్తుంది. జగదల్‌పూర్ తర్వాత దర్భా ఘాట్ దిగి, సుక్మా, దోర్నాపాల్ మీదుగా కోంటా చేరుతుంది. అక్కడి నుంచి చింతూరు, భద్రాచలం, కొత్తగూడెం గుండా సాగి విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నంలో ముగుస్తుంది. జనవరిలో ఈ రోడ్డు పై కొసన పొగమంచు కమ్మి ముందు లారీ కనపడదు. మే నెలలో కింది కొసన తారు మెత్తబడుతుంది. నడుమనున్న బస్తర్‌కు ఎండా తెలుసు, చలీ తెలుసు.

జగదల్‌పూర్ సముద్రమట్టానికి దాదాపు 550 మీటర్ల ఎత్తున ఉంది. శబరి ఒడ్డునున్న కోంటా ఎత్తు వంద మీటర్ల లోపే. కిలోమీటరు ఎత్తుకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతాయన్న లెక్కన, ఈ రెండు ఊళ్ళ మధ్య ఎత్తు ఒక్కటే మూడు డిగ్రీల తేడా తెస్తుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో జగదల్‌పూర్‌లో 10 డిగ్రీల దరిదాపులకు దిగడం మామూలు. బైలదిల్లా కొండల మీద చలి ఇంకా ఎక్కువ. వేసవి ముదిరాక కోంటా, భోపాల్‌పట్నం వైపు నడినెత్తి ఎండలో నిలబడటమే కష్టం.

ఇక్కడి మనుషులు ఉన్నచోటే ఉండిపోయేవాళ్ళు కాదు. సుక్మా, బీజాపూర్ జిల్లాల ఆదివాసీలు ఏటా చలికాలం చివర మిర్చి ఏరడానికి ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాలకు వస్తారు. బచేలి, కిరందుల్ ఇనుప గనుల్లో తెలుగు కుటుంబాలున్నాయి. కోంటా, భోపాల్‌పట్నం తెలుగు ఇళ్ళ పిల్లలు చదువులకు ఉత్తరాదికి వెళ్తారు. తెలుగు జిల్లాల నుంచి గల్ఫ్‌కు కూలికి వెళ్ళేవాళ్ళు, అమెరికా, కెనడాలకు చదువుకు వెళ్ళేవాళ్ళు సరేసరి. అందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. ఒంటికి కొత్తదైన ఎండలోనూ చలిలోనూ ఎలా నెగ్గుకు రావాలి?

మొండితనంతో నెగ్గుకు రావచ్చనుకునేవాళ్ళే ముందు దెబ్బతింటారు. ఎండా చలీ ఒకే రకం శత్రువులు కావు. వాటికి ఒకే రకంగా సిద్ధపడితే కుదరదు.

ఒంటికి వచ్చిన విద్య, రాని విద్య

మనిషి జాతి వేడి నేలల్లో పుట్టి పెరిగింది. అందుకే ఎండను నేర్చుకునే గుణం ఒంట్లోనే ఉంది. రోజూ కొంతసేపు ఎండలో పనిచేస్తే వారం నుంచి రెండు వారాల్లో ఒళ్ళు మారుతుంది. రక్తంలో నీటి పాలు పెరుగుతుంది. చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. అదే పనికి గుండె తక్కువసార్లు కొట్టుకుంటుంది. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలో కేలరీల వేడిని వెంట తీసుకుపోతుంది. ఏ ఏసీ సాయమూ లేకుండా ఒళ్ళు చేసుకునే ఏర్పాటు అది.

చలి విషయంలో ఒంటికి ఇంతటి నేర్పు లేదు. చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, వణుకు పుడుతుంది. ఈ రెండూ కాసేపటి రక్షణలే. రెండు వారాలు చలిలో వణికినంత మాత్రాన సున్నా డిగ్రీలు హాయిగా అనిపించవు. మంచు దేశాల వాళ్ళు తరతరాలుగా బతుకుతున్నది బట్ట, ఇల్లు, నిప్పు, తిండి అనే ఏర్పాట్ల వల్ల.

కాబట్టి ఎండకు ఒంటిని మెల్లగా అలవాటు చేయాలి. చలిని ఒంటిదాకా రానివ్వకుండా ముందే ఏర్పాట్లు చేసుకోవాలి. ఈ అధ్యాయంలో చెప్పే జాగ్రత్తలన్నీ ఈ తేడా నుంచి వచ్చినవే.

మొదటి రెండు వారాలు

అమెరికాలో కార్మికుల భద్రతను చూసే సంస్థ ఓషా లెక్క ప్రకారం, పనిచోట వడదెబ్బ చావుల్లో దాదాపు సగం పనిలో చేరిన మొదటి రోజే జరుగుతున్నాయి. మొదటి వారంలోపు జరిగేవి 70 శాతానికి పైగా ఉన్నాయి. చనిపోతున్నవాళ్ళు బలహీనులు కారు, కొత్తవాళ్ళు.

అందుకే అక్కడి వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ ఒక లెక్క సూచించింది. కొత్తగా చేరినవాళ్ళు మొదటి రోజు ఎండలో మామూలు పనిలో 20 శాతమే చేయాలి. తర్వాత రోజుకు 20 శాతానికి మించకుండా పెంచుకుంటూ పోవాలి. పాతవాళ్ళు విరామం తర్వాత తిరిగి వస్తే 50 శాతంతో మొదలుపెట్టి 60, 80, 100 అంటూ నాలుగో రోజుకు పూర్తి పనికి చేరుకోవచ్చు.

ఇందులో గల్ఫ్ కార్మికులు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. ఈ అలవాటు నిలవ ఉండదు. వారం పైగా ఎండకు దూరమైతే చాలావరకు కరిగిపోతుంది. సెలవు మీద ఇంటికి వచ్చి, నెల రోజులు నీడపట్టున ఉండి, జూన్‌లో కువైట్‌లో దిగిన మేస్త్రికి పదేళ్ళ అనుభవం ఉన్నా, ఒళ్ళు మాత్రం కొత్తగా చేరినవాడి ఒళ్ళే. రాత్రంతా ఏసీ గదిలో పడుకుని పగలంతా ఆఫీసులో గడిపే ఉద్యోగి ఆదివారం ఒక్కనాడు పొలం పనికి దిగినా అంతే.

ఊరు మారబోయేవాళ్ళు ప్రయాణానికి రెండు వారాల ముందే ఉదయపు ఎండలో నడక మొదలుపెట్టాలి. మొదట అరగంట చాలు. ఒంటికి చెమట పట్టేంత వేగంగా నడిచి, రెండు మూడు రోజులకోసారి కొంచెం పెంచుతూ గంటన్నర దాకా తీసుకెళ్ళాలి. బీపీ, గుండె, మూత్రపిండాల మందులు వాడేవాళ్ళు ముందుగా డాక్టరును అడగాలి. ఒంట్లోంచి నీటిని తోడే మాత్రలు ఎండలో ప్రమాదం తెచ్చిపెడతాయి.

ఇప్పచెట్టు కింద పని వేళలు

బస్తర్ పల్లెల్లో ఎండాకాలపు దినచర్యను ఎవరూ కాగితం మీద రాసుకోలేదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఆడవాళ్ళు, పిల్లలు చీకటితోనే గంపలు పట్టుకుని చెట్ల కిందికి చేరతారు. ఎండ ముదిరేసరికి ఇల్లు చేరుకుంటారు.

ఏప్రిల్ చివర మొదలై మే నెలలో సాగే తునికాకు సేకరణ చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఆకు కోత తెల్లవారగానే. పొద్దెక్కాక ఇంటి పంచలోనో చెట్టు నీడనో కూర్చుని యాభై ఆకులకో కట్ట చొప్పున కడతారు. కట్టలు కల్లానికి చేర్చేది పొద్దు వాలాక. వెయ్యి కట్టలైతే ఒక ప్రామాణిక బస్తా. కష్టమైన పని చల్లటి వేళకు, కూర్చుని చేసే పని మిట్టమధ్యాహ్నానికి, మోసుకెళ్ళే పని సాయంత్రానికి పడ్డాయి.

ఇదే క్రమాన్ని గల్ఫ్ దేశాలు చట్టంగా పెట్టుకోవలసి వచ్చింది. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు చివరి దాకా పగలు 11 నుంచి 4 గంటల వరకు ఆరుబయట పని నిషేధం. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఆపాలి. ఖతార్ 2021లో ఈ విరామాన్ని పెంచి, జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు చేసింది. అక్కడ పనిచేసే తెలుగువాళ్ళు ఈ వేళలను మేస్త్రి దయగా అనుకోకూడదు. అవి వాళ్ళ హక్కు.

చేయవలసిన పనులను ముందురోజు రాత్రే మూడు భాగాలుగా విడదీసుకోవచ్చు. ఒళ్ళు వంచేవి తెల్లవారుజాముకు, చేతులతో చేసేవి మధ్యాహ్నానికి, తిరుగుళ్ళు సాయంత్రానికి. పొలమైనా, ఇల్లు కట్టే పనైనా, సరుకులు ఇంటింటికీ అందించే ఉద్యోగమైనా ఈ విభజన కొంతవరకైనా కుదురుతుంది.

తుంబాలో ఏముంది

బస్తర్‌లో అడవికి వెళ్ళేవాళ్ళ భుజాన ఎండిన సొరకాయ బుర్ర వేలాడుతుంది. దాన్ని తుంబా అంటారు. అందులో నీళ్ళో, మండియా పేజ్ అనే రాగి జావో ఉంటుంది. ఉత్తరాంధ్రలో చోడి అంబలి, తెలంగాణలో తైద అంబలి అనేది దాదాపు ఇదే. ఛత్తీస్‌గఢ్ మైదానంలో దీని చోటును బోరే బాసీ, అంటే నీళ్ళు పోసి నానబెట్టిన చద్దన్నం, తీసుకుంటుంది. నీళ్ళు, పిండిపదార్థం, చిటికెడు ఉప్పు కలిసి ఒకేసారి కడుపులోకి వెళ్తాయి. ఎండలో ఒంటికి కావలసినవి ఈ మూడే.

ఎండలో పనిచేసేవాళ్ళు దాహం వేసేదాకా ఆగకూడదు. పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు నీళ్ళు తాగాలి. అలాగని గంటలో లీటరున్నర దాటకూడదు. ఉప్పు లేకుండా బిందెలకొద్దీ నీళ్ళే తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. రెండు మూడు గంటలకు మించి చెమట కారితే అంబలి, ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, ఓఆర్ఎస్ వంటివి కావాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపితే సరిపోతుంది. చెంచాలు చిన్నవి, తలగొట్టినవి. మూత్రం ముదురు పసుపులో వస్తుంటే నీళ్ళు చాలడం లేదని అర్థం.

ఈ లవణాల లెక్క తప్పితే ఏమవుతుందో 2020 ఏప్రిల్‌లో తెలిసింది. లాక్‌డౌన్‌లో బస్సులు ఆగిపోయి, తెలంగాణ మిర్చి తోటల నుంచి బస్తర్ కూలీలు అడవి దారుల్లో కాలినడకన ఇళ్ళకు బయల్దేరారు. అలా నడిచినవాళ్ళలో ఒక బాలిక ఊరు చేరకముందే ప్రాణాలు విడిచింది. ఒంట్లో నీరు, లవణాలు తగ్గడమే కారణమై ఉంటుందని వైద్యాధికారులు అభిప్రాయపడ్డారు. దూరం నడిచేవాళ్ళ మూటలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉండి తీరాలి. పిల్లలకు పెద్దల కంటే ముందు తాగించాలి.

ఇప్పసారా, జీలుగు కల్లు బస్తర్ పండుగల్లో, పెళ్ళిళ్ళలో గౌరవంగా పంచుకునేవి. మధ్యాహ్నపు ఎండలో మాత్రం మద్యం ఒంట్లోని నీటిని బయటికి పంపుతుంది. అలసటను దాచిపెట్టి, ఆగవలసిన చోట ఆగనివ్వదు.

పొడి ఎండ, తడి ఎండ

కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. రాజస్థాన్‌లోని చూరులో 2019 జూన్ 1న 50.8 డిగ్రీలు. కోంటాలో అంత రాదు. అయినా వానలకు ముందు కోంటా ఉక్కపోత కొందరికి ఎడారి కంటే ప్రమాదం.

ఎడారి గాలి పొడిగా ఉంటుంది. చెమట పుట్టిన క్షణమే ఆరిపోతుంది. చొక్కా తడవదు కాబట్టి చెమటే పట్టడం లేదనుకుని జనం నీళ్ళు తక్కువ తాగుతారు. అక్కడ ఒళ్ళంతా కప్పే వదులు బట్టలే మేలు. సినాయ్ ఎడారి బెదూయిన్లు నల్లటి అంగీలు ఎందుకు వేసుకుంటారని పరిశోధకులు పరీక్షించి 1980లో ‘నేచర్’ పత్రికలో ఫలితం ప్రకటించారు. నలుపైనా తెలుపైనా ఒంటికి చేరే వేడిలో తేడా లేదు. వదులు బట్ట లోపల ఆడే గాలి నల్లరంగు పీల్చుకున్న వేడిని తీసుకుపోతోంది.

గోదావరి, శబరి లోయల్లో గాలి తేమతో బరువెక్కి ఉంటుంది. చెమట ధారలు కట్టి కారుతుంది గానీ ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. ఇక్కడ ఎన్ని నీళ్ళు తాగినా సగం రక్షణే. పల్చటి నూలు బట్టలు, నీడ, గాలి, తరచూ విశ్రాంతి తప్పవు. గది వేడి 40 డిగ్రీలు దాటాక ఫ్యాన్ వేడిగాలినే ఒంటి మీదికి తోస్తుంది. అప్పుడు తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకోవాలి.

చలి నెమ్మదిగా వస్తుంది

2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో 1,500 మందికి పైగా చనిపోయారు. ఆ సంఖ్య పత్రికల్లో రోజూ పతాక శీర్షికయింది. చలి చావులు అలా ఒక్కచోట కనపడవు. 2015లోనే ‘లాన్సెట్’ పత్రిక 13 దేశాల్లోని 7.4 కోట్ల మరణాలను విశ్లేషించిన అధ్యయనాన్ని ప్రచురించింది. అందులో చలి వల్ల సంభవించినవి 7.29 శాతం, వేడి వల్ల 0.42 శాతం. చలి చావుల్లో ఎక్కువ భాగం గడ్డకట్టే చలిలో కూడా కాదు, ఓ మోస్తరు చలి రోజుల్లో జరిగినవి.

కారణం గుండె, ఊపిరితిత్తులు. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. దాహం వేయదు కాబట్టి నీళ్ళు తగ్గుతాయి. తలుపులు మూసుకుని అందరూ ఒకే గదిలో ఉండటంతో జలుబు, న్యుమోనియా ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. పెద్దవాళ్ళు దుప్పట్లోంచి లేచి నేరుగా చలిలోకి వెళ్ళకూడదు. కాసేపు మంచం మీదే కూర్చుని, తలకూ చెవులకూ కప్పుకుని, నడకను పొద్దు పొడిచాకే పెట్టుకోవాలి. బీపీ మాత్రలు ఒక్కరోజు కూడా మానకూడదు.

బట్టల్లో మూడు పొరలు కావాలి. ఒంటిని అంటుకునే పొర చెమటను పీల్చి బయటికి పంపేది. నడిమి పొర ఉన్ని. పై పొర గాలి చొరనిది. నూలు బనీను తడిస్తే ఒంటి వేడిని లాగేస్తుంది, అందుకే మంచు దేశాల్లో మొదటి పొరకు నూలు పనికిరాదు. అక్కడ థర్మామీటరు అంకె కంటే గాలి వేగం ముఖ్యం. మైనస్ 20 డిగ్రీల్లో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి తగిలేది మైనస్ 33 డిగ్రీల చలి. అంతటి చలిలో కప్పుకోని చెవులు, ముక్కు, వేళ్ళు 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టవచ్చు. మొదటిసారి విన్నిపెగ్, మినియాపొలిస్ వంటి ఊళ్ళకు వెళ్ళే విద్యార్థి విమానం దిగేనాటికే టోపీ, చేతి తొడుగులు, మంచుకు పనికొచ్చే బూట్లు దగ్గర ఉంచుకోవాలి. కోటు అక్కడ కొనుక్కోవచ్చు గానీ, విమానాశ్రయం నుంచి గది దాకా వెళ్ళడానికి ఏదో ఒకటి ఉండాలి.

బస్తర్ చలికి ఇంత సరంజామా అక్కర్లేదు. ఇక్కడి ప్రమాదం నిప్పుతోనే. పంచలో, వాకిట్లో చలిమంట వేసుకుంటే పొగ బయటికి పోతుంది. అదే నిప్పును కుంపట్లో వేసి, తలుపు బిగించిన గదిలో పెట్టుకుని పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. పడుకునే ముందు కుంపటి బయట పెట్టాలి. కిటికీ కొద్దిగా తెరిచి ఉంచి, ఇంకో గొంగళి కప్పుకోవాలి. చలికి సారా వెచ్చదనం ఇస్తుందన్నది భ్రమ. అది చర్మంలోకి రక్తాన్ని తెచ్చి, ఒంటి లోపలి వేడిని బయటికి వదిలేస్తుంది.

కప్పు కింద

మందపాటి మట్టిగోడ, నాటు పెంకు, చుట్టూ పంచ ఉన్న బస్తర్ ఇల్లు రెండు కాలాలకూ పనికొస్తుంది. గోడ పగటి వేడిని ఆలస్యంగా లోపలికి పంపుతుంది, పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది. దాని స్థానంలో వస్తున్న రేకు, సిమెంటు కప్పులు మేలో మండి జనవరిలో చల్లబడతాయి. ఇప్పటికే రేకుల ఇల్లున్నవాళ్ళు ఎండాకాలానికి ముందు కప్పు మీద సున్నమో తెల్లరంగో వేయించాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇందుకోసం ప్రత్యేకంగా కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. చలికాలంలో రేకు కింద తుంగచాపలో గడ్డి తడికలో కట్టి గాలి పొర ఏర్పరిస్తే చలి తగ్గుతుంది. వాటికి నిప్పు మాత్రం దూరంగా ఉండాలి.

ఆలస్యం చేయకూడని ఘడియ

ఎండలో ఉన్న మనిషి తడబడి మాట్లాడుతున్నా, ఎక్కడున్నాడో తెలియకపోయినా, స్పృహ తప్పినా అది వడదెబ్బే. చెమట పడుతోంది కదా అని తాత్సారం చేయకూడదు. 108కు ఫోన్ చేసి, బండి వచ్చేలోపే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి నిండా నీళ్ళు పోసి విసరాలి. ఐసు దొరికితే మెడ పక్కల, చంకల్లో, గజ్జల్లో పెట్టాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకూడదు. పారాసెటమాల్ ఈ జ్వరానికి పనిచేయదు.

చలికి ఒంటి వేడి 35 డిగ్రీల లోపుకు పడిపోయినవాళ్ళు కూడా ఇలాగే తడబడతారు. తడి బట్టలు విప్పి, పొడి దుప్పట్లు చుట్టి, ముందు ఛాతీని, పొట్టను వెచ్చబరచాలి. స్పృహలో ఉంటే తియ్యటి వేడి పానీయం ఇవ్వాలి. గడ్డకట్టిన వేళ్ళను రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు.

ఖర్చు ఎవరిది

రెండు వారాల అలవాటుకు కూలి డబ్బుల రూపంలో ఖర్చవుతుంది. కిలోల లెక్కన మిర్చి ఏరే మనిషిని మొదటి రోజు ఐదో వంతు పని చేయమంటే, ఆ రోజు ఐదో వంతు కూలే చేతికి వస్తుంది. ఆకలితో వచ్చినవాళ్ళు అందుకు ఒప్పుకోలేరు, ఒప్పుకోమనడం న్యాయమూ కాదు. అందుకే ఈ జాగ్రత్తల్లో కొన్ని పని ఇచ్చే రైతు, కూలీలను తెచ్చే ముఠా మేస్త్రి తలకెత్తుకోవలసినవి.

మిర్చి ముఠా జనవరి చలిలో వచ్చి ఏప్రిల్ ఎండలో తిరిగి వెళ్తుంది. పొలం గట్టున పరదా గుడారంలో ఉండే ఆ కుటుంబాలకు మొదటి నెలలో మనిషికో రగ్గు, నేల చెమ్మ తగలకుండా కింద పరచడానికి ఇంకో పరదా, చలిమంటకు గుడారం బయట చోటు కావాలి. మార్చి వచ్చేసరికి చెట్టు నీడకు గుడారాలు మార్చాలి. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి వారం కిలోల లెక్క పక్కనపెట్టి రోజు కూలి ఇవ్వాలి. తెల్లవారుజామున పని మొదలుపెట్టి పదకొండుకల్లా ఆపేయాలి. మడి దగ్గరే కుండలో నీళ్ళు, గట్టు మీద అంబలి, మేస్త్రి సంచిలో పది ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉండాలి. బేరం కుదుర్చుకునేటప్పుడే, కూలి రేటుతో పాటు వీటిని కూడా మాట్లాడుకోవాలి.